పచ్చ వైరు

నా నోరు మంచిది కాదు. ఆ సంగతి మా ఆయన రాజరత్నం గారికి పెళ్ళైన వారానికే తెలిసిపోయింది, ఊరికి ఇంకో వారం పట్టింది. హైస్కూల్లో పదో తరగతికి సైన్సు చెబుతాను కాబట్టి బళ్ళో ఆ నోరు పనికొస్తుంది, పిల్లలు భయానికైనా చదువుతారు. ఇంట్లో అదేం చేసిందో మాత్రం పోయినేడు మేం ఉపవాసాలుండే శ్రమదినాలు మొదలైన దగ్గర్నుంచి ఈస్టరు దాకా, ఆ నలభై రోజుల్లో తెలిసొచ్చింది.

మాది భీమవరం దగ్గర పల్లె. చుట్టూ రొయ్యల చెరువులు, ఊరి మధ్యలో మా బాప్టిస్టు చర్చి. మా ఆయన ఐసు ఫ్యాక్టరీలో ఆపరేటరు. నోట్లో నాలుక లేని మనిషి. కూరలో ఉప్పు లేకపోయినా తినేసి లేచిపోతారు. కానీ చేతిలో సోల్డరింగ్ ఐరన్ ఉంటే వేరే మనిషి. పాడైపోయిన స్టెబిలైజర్లలోంచి ట్రాన్స్‌ఫార్మర్లు పీకుతారు, వాటిని ఇనపరేకు డబ్బాల్లో బిగించి ఆంప్లిఫయర్లు చేస్తారు. మా ఇంట్లో టీవీకొకటి, ఫోనుకొకటి, మా అత్తగారు దీనమ్మ గారు పాటలు వినడానికి మంచం కింద ఒకటి. కరెంటు బిల్లు చూసి నేను అరిస్తే ఆవిడ కొడుకు వైపు, మా అమ్మాయి పావని తండ్రి వైపు. నా వైపు ఎవరూ లేరు.

జనవరిలో చర్చిలో ఉన్న పాత ఆంప్లిఫయరు కాలిపోయింది. సంఘం సెక్రటరీ సురేష్‌బాబు గారు భీమవరంలో కొత్తది తెద్దామన్నారు. అప్పుడు మా ఆయన లేచి నిలబడ్డారు. ఇరవయ్యేళ్ళుగా ఆరాధనకి వచ్చి వెనక వరసలో కూర్చుని పోయే మనిషి, అందరి ముందూ లేచి, "నేను చేసిస్తానండి" అన్నారు. నేను ఆడవాళ్ళ వైపు కూర్చుని నోరు తెరిచాను.

ఎందుకు లేచారో నాకు తెలుసు. ఆ ఈస్టరుకి మా పావని బాప్తిస్మం తీసుకోబోతోంది. మా సంఘంలో పద్ధతేమిటంటే, బాప్తిస్మం తీసుకునేవాళ్ళు చర్చి వెనక సిమెంటు తొట్టిలో నడుంలోతు నీళ్ళలోకి దిగి, మైకు పట్టుకుని అందరికీ వినబడేలా సాక్ష్యం చెప్పాలి. ఆ తర్వాత పాస్టరు గారు నీళ్ళలో ముంచి లేపుతారు. తన కూతురి గొంతు తన చేతులతో చేసిన సెట్టులోంచి ఊరంతా వినాలి. ఆ మనిషికి అదొక్కటే ఆశ. నలుగురిలో ఎన్నడూ నోరెత్తనివాడికి అంత ఆశ ఉందని నాకప్పుడే తెలిసింది.

సెట్టు తయారైంది. ఆన్ చేశారు. గుయ్యిమంది.

మామూలు మోత కాదు. మాట కంటే ముందు మోత, మాట ఆగితే మోత. ఆయన దాన్ని హమ్ము అంటారు. కండెన్సర్లు మార్చారు, పోలేదు. లోపలి వైర్లన్నీ విప్పి జడల్లా మెలేసి కట్టారు, పోలేదు. ట్రాన్స్‌ఫార్మరుని ఈ మూల నుంచి ఆ మూలకి జరిపారు. ఇల్లంతా వైరు ముక్కలు, సోల్డరింగ్ పొగ. శ్రమదినాల మొదటి బుధవారం కూటానికి అలాగే తీసుకెళ్ళారు. ప్రార్థన మధ్యలో సురేష్‌బాబు గారు నవ్వుతూ, "బ్రదర్, ప్రార్థన చేసేది మనమా, మీ తుమ్మెదా?" అన్నారు. అందరూ నవ్వారు. మా ఆయన చెవులు ఎర్రబడ్డాయి.

ఆ వారం మా ఇంట్లో నిప్పులు కురిశాయి. ఫ్యాక్టరీ నుంచి రాగానే ఆయన ఆ డబ్బా ముందు కూర్చోవడం, సాయంత్రమంతా ఆ గుయ్యి, నేను పేపర్లు దిద్దుకోలేక అరవడం. ఇంట్లో ఈగల మోత, బయట పల్లకీ మోత అన్నారు, మన ఇంట్లో రెండూ ఈగలేనా అని ఎత్తిపొడిచాను. నీ చేతిలో పనితనముంటే ఐసు ఫ్యాక్టరీలో ఎందుకుంటావని కూడా అన్నాను. మామూలుగా 'మీరు' అనేదాన్ని, ఆ రోజు 'నువ్వు' అన్నాను. ఆయన పెళ్ళైన పద్దెనిమిదేళ్ళలో మొదటిసారి కంచం తోసేసి లేచారు. అన్నం గోడకి కొట్టుకుంది. పావని పుస్తకాలు తీసుకుని నానమ్మ గదిలోకి వెళ్ళి తలుపేసుకుంది. పదో తరగతి పరీక్షలకి మూడు వారాలుంది.

మర్నాడు నాకే సిగ్గేసి, ఆయన పక్కన పీట వేసుకుని కూర్చున్నాను. సైన్సు టీచర్ని కదా, పాఠం చెప్పినట్టే చెప్పాను. తప్పెక్కడుందో తెలియనప్పుడు ఒక్కొక్కటీ తీసి చూడాలి, ఏది తీస్తే ఆగుతుందో తప్పు అక్కడుంటుంది అన్నాను. ఆయన తల ఊపారు. మైకు తీశారు, మోత ఉంది. వాల్యూం తిప్పేది విప్పారు, మోత ఉంది. ప్లగ్గులోంచి డబ్బాకి వచ్చే పచ్చ వైరు మీద నా వేలు పెట్టి, "ఇది పీకండి" అన్నాను.

పీకారు. మోత ఆగిపోయింది.

ఆ నిశ్శబ్దం ఎంత బాగుందో చెప్పలేను. వీధిలో ఆటో పోతుంటే వినబడింది. పావని తలుపు తీసుకుని వచ్చి, "పోయిందా నాన్నా?" అంది. ఆయన మైకు తీసుకుని, చిన్నపిల్లాడిలా "పావనీ, పావనీ" అన్నారు. గొంతు గాజులా వచ్చింది. నేను అప్పటికప్పుడు పెసరట్లు వేశాను. నలుగురం నవ్వుకుంటూ తిన్నాం.

పచ్చ వైరంటే ఎర్తు. డబ్బాలోకి కరెంటు కారితే మనిషిని పట్టుకోకుండా భూమిలోకి లాక్కుపోయేది అది. పరీక్ష కోసం పీకింది మళ్ళీ కలపమని ఆయనతో చెప్పానా? చెప్పాననే చాలా రోజులు అనుకున్నాను. చెప్పలేదు. పెసరట్ల హడావుడిలో పడ్డాను.

ఆ తర్వాత ఐదు వారాలు మా ఆయన తలెత్తుకుని తిరిగారు. ప్రతి బుధవారం, శుక్రవారం కూటాల్లో సెట్టు ఖంగుమని మోగింది. ఆయన వరండాలో, కిటికీ పక్కన సెట్టు దగ్గర కుర్చీ వేసుకుని కూర్చునేవారు. సురేష్‌బాబు గారు అందరి ముందూ భుజం తట్టారు. మా ఇంట్లో కూడా అంత ప్రశాంతంగా ఎప్పుడూ లేదు. ఆయన సాయంత్రాలు నాకు కూరగాయలు తరిగిపెట్టేవారు. పావని పరీక్షలు బాగా రాసింది.

గుడ్ ఫ్రైడే నాడు ఎండ దంచేస్తోంది. చల్లగా ఉంటుందని ఆడవాళ్ళు ఉదయమే చర్చి అంతా కడిగారు, నేల ఇంకా తడిగా ఉంది. మేం చర్చిలోకి చెప్పులతో వెళ్ళం, అందరివీ మెట్ల దగ్గరే. ఆ రోజు సిలువ మీద యేసు పలికిన ఏడు మాటల గురించి ఏడుగురు మాట్లాడతారు. ఐదో మాట మా అత్తగారిది. అరవై ఎనిమిదేళ్ళ మనిషి, వారం నుంచి అద్దం ముందు చెప్పుకుని, తెల్ల చీర కట్టుకుని వచ్చారు.

మైకు అందుకున్నారు. రెండు మాటలు చెప్పారో లేదో చెయ్యి వణకడం మొదలైంది. గొంతు ఆగిపోయింది. కళ్ళు పెద్దవి చేసి మైకు వైపే చూస్తూ నిలబడ్డారు, దవడ బిగుసుకుపోయింది. భయపడుతున్నారేమో అనుకున్నాను. అంతలో పక్కకి ఒరిగి పడిపోయారు. మైకు వైరు లాక్కుని సెట్టులోంచి ఊడొచ్చింది.

ఉపవాసం, ఉపవాసం అన్నారు అందరూ. ఈ వయసులో పచ్చి మంచినీళ్ళు కూడా ముట్టకుండా ఉంటే పడరా అన్నారు. సురేష్‌బాబు గారే పరిగెత్తి కొబ్బరిబోండాం తెచ్చారు. మా ఆయన తల్లిని రెండు చేతుల మీద ఎత్తుకుని బయటికి తీసుకొచ్చారు. ఊళ్ళో ఆర్ఎంపీ వచ్చి గ్లూకోజు పెట్టాడు. ఆరో మాట చెప్పేవాళ్ళు వైరు మళ్ళీ గుచ్చుకుని మొదలుపెట్టారు. నేను కూడా ఉపవాసమనే అనుకున్నాను. సైన్సు టీచర్ని.

శనివారం మధ్యాహ్నం అత్తగారి కుడిచెయ్యికి కొబ్బరినూనె రాస్తున్నాను. మోచెయ్యి దాకా నొప్పంటున్నారు. ఆవిడ మెల్లగా, నీకొక మాట చెప్తాను, ఎవరితో అనకు అన్నారు. నిన్న పొద్దున అందరూ లేవకముందు టీ పెట్టుకుని తాగేశారట. తలనొప్పి ఆగలేదట. ఉపవాసమని అందరికీ చెప్పి, టీ తాగి వెళ్ళి దేవుడి మాట చెప్పడానికి నిలబడ్డారట.

"అందుకే పట్టుకున్నాడమ్మాయ్," అన్నారు. "నేను మైకు వదిలేద్దామనే చూశాను. అదే నా చెయ్యి వదల్లేదు."

నేను నూనె గిన్నె కింద పెట్టేశాను.

వదల్లేదు అంటే ఏమిటో నాకు తెలుసు. కరెంటు పట్టుకుంటే పిడికిలి బిగుసుకుపోతుంది, మనిషి వదలాలనుకున్నా వేళ్ళు విడవవు. పదిహేనేళ్ళుగా పిల్లలకి చెబుతున్నాను. ఆ క్షణంలో ఆవిడ గుర్తుకు రాలేదు. రేపు తెల్లారగట్ల నడుంలోతు నీళ్ళలో అదే మైకు పట్టుకుని నిలబడే పిల్ల గుర్తొచ్చింది.

ఆయన పనిముట్ల డబ్బాలోంచి టెస్టరు తీసుకుని చర్చికి నడిచాను. నడిచానో పరిగెత్తానో తెలియదు. వెనక తొట్టిలోకి మోటారుతో నీళ్ళు పడుతున్నాయి. మా ఆయన పొడుగాటి మైకు వైరు కిటికీలోంచి లాగి తొట్టి గట్టు దాకా తెచ్చి, అడుగడుక్కీ టేపు వేసి అంటిస్తున్నారు. పాస్టరు చిట్టియ్య గారు గట్టు మీద మైకు పట్టుకుని హలో, హలో అంటున్నారు. మైకు చుట్టూ ఎప్పట్లాగే ఆయన చేతిరుమాలు మడత పెట్టి ఉంది. ఆ రుమాలు ఐదు వారాలుగా చూస్తూనే ఉన్నాను. చెమటకి అనుకున్నాను.

"అయ్యగారూ, మైకుకి ఆ గుడ్డెందుకండీ?" అన్నాను.

ఆయన మొహమాటంగా నవ్వారు. "షుగరు కదమ్మా, నరాలు తిమ్మిరెక్కుతున్నాయి. మైకు పట్టుకుంటే మరీ చిమచిమలాడుతోంది. గుడ్డ చుడితే హాయిగా ఉంటోంది."

ఆయన చేతిలోంచి తీసుకోకుండానే, మైకు జాలీ మీద టెస్టరు మొన ఆనించాను. లోపల ఎర్రగా వెలిగింది.

మా ఆయన చూశారు. లోపలికెళ్ళి హోల్డరుకి బిగించిన జీరో బల్బు తెచ్చారు. ఒక వైరు మైకుకి, ఇంకొకటి తొట్టిలోకి దిగే ఇనప గొట్టానికి ఆనించారు. ఆ బల్బు వెలగకూడదు. మినుకుమంటూ, మసకగా, వెలిగింది. తొట్టిలో నీళ్ళు పడుతూనే ఉన్నాయి. పాస్టరు గారు మైకుని గట్టు మీద పెట్టి రెండడుగులు వెనక్కి వేశారు.

"పచ్చ వైరు మళ్ళీ కలపలేదా?" అన్నాను.

"కలిపితే హమ్ము వస్తోంది."

"మైకు పట్టుకుంటే కరెంటు కొరుకుతోందని మీకు తెలుసా?"

ఆయన తన కాళ్ళ వైపు చూసుకున్నారు. "ఒకసారి కొరికింది. చెప్పులేసుకుంటే కొరకట్లేదు."

చర్చిలో చెప్పులెవరేసుకుంటారని అడగాల్సిన పని లేకపోయింది. ఆ మాట నా మొహంలోనే కనబడి ఉంటుంది. ఆయన కింద కూర్చుండిపోయారు. తలెత్తి, నా మీద కోపం లేకుండానే, "పీకమన్నది నువ్వే కదా ప్రిస్కిల్లా. పదో తరగతికి చెప్పేదానివి. ప్రమాదమైతే నువ్వు ఊరుకుంటావా అనుకున్నాను" అన్నారు.

తిడితే బాగుండేది. నా చదువు మీద అంత నమ్మకం పెట్టుకున్న మనిషిని పనితనం లేదని నేనే అన్నాను. ఆ నమ్మకంతోనే కన్నకూతుర్ని నీళ్ళలో దింపబోయారు.

ఆ సాయంత్రమే డబ్బా విప్పారు. పాత స్టెబిలైజరు ట్రాన్స్‌ఫార్మరు లోపల చుట్టకి ఎప్పుడో చెమ్మ పట్టి, కరెంటు కొద్దికొద్దిగా ఇనప డబ్బాలోకి కారుతోంది. ఎర్తు ఉన్నన్నాళ్ళూ అది పచ్చ వైరులోంచి భూమిలోకి పోయింది, పోతూ పోతూ గుయ్యిమంది. ఎర్తు పీకేశాక మైకు వైరు వెంట మైకు జాలీలోకి వచ్చింది. మోత జబ్బు కాదు, జబ్బుందని చెప్పే దగ్గు. మేం దగ్గు మాన్పించి జబ్బుని మనుషుల చేతికిచ్చాం.

తల్లి దగ్గరికి ఆయనే వెళ్ళారు. మంచం పక్కన కింద కూర్చుని జరిగింది చెప్పారు. ఆవిడ అంతా విని, "అయితే పట్టుకున్నది దేవుడు కాదట్రా?" అని అడిగారు. "కాదమ్మా, నేనే," అన్నారాయన. ఆవిడ అటు తిరిగి పడుకున్నారు. అన్నానికి లేవలేదు.

ఈస్టరు తెల్లారగట్ల మైకు లేకుండానే బాప్తిస్మాలు జరిగాయి. వెనకున్నవాళ్ళు వినబడక ముందుకు తోసుకొచ్చారు. పావని మూడోది. తెల్లబట్టల్లో నీళ్ళలో నిలబడి చిన్న గొంతుతో సాక్ష్యం చెప్పింది, తండ్రికి కూడా సగమే వినబడి ఉంటుంది. పాస్టరు గారు ముంచి లేపారు. పాట అయ్యాక మా ఆయన లేచి నిలబడ్డారు. అమ్మ పడిపోయింది ఉపవాసం వల్ల కాదు, నేను చేసిన సెట్టు వల్ల అన్నారు. పచ్చ వైరు సంగతి చెప్పారు. నా పేరు చెప్పలేదు. అందుకని నేనూ లేచి, పీకమన్నది నేనని చెప్పాను. తిడతారనుకున్నాను. తిట్టలేదు.

ఆరాధన అయ్యాక ఒక్కొక్కరే మా దగ్గరికి వచ్చారు. మొదట సురేష్‌బాబు గారు. ప్రకటనలు చదివినప్పుడల్లా తనకీ కొరికిందట. తుమ్మెదని ఎగతాళి చేశాను కదా, దేవుడు నా చేతికి బుద్ధి చెబుతున్నాడనుకున్నాను అన్నారు. పాటలు పాడే ఒకావిడ, చెల్లెలితో మాట్లాడటం మానేసినందుకనుకుందట. ఇంకొకాయన, రక్తం తక్కువై ఉంటుందని టానిక్కు తాగుతున్నాడట. వరండాలో నిలబడి లెక్కపెట్టాను, పదకొండు మంది. ఐదు వారాల్లో పదకొండు మందిని మా డబ్బా కరిచింది. ఒక్కరూ పక్కవాళ్ళతో అనలేదు. ఎవరికి వాళ్ళు అది తమలోని తప్పే అనుకున్నారు. పదకొండు మంది ప్రాణాలతో ఉన్నారన్న సంతోషం కంటే, ఎవరూ చెప్పలేదన్న దిగ్భ్రమే నన్ను పట్టుకుంది.

పావని చర్చి వెనక గదిలో బట్టలు మార్చుకుంది. తువ్వాలు తీసుకుని జుట్టు తుడుస్తూ, పదకొండు మందిని కరిచిందని చెప్పాను. పిల్ల నా వైపు వీపు పెట్టి కూర్చుంది.

"పన్నెండు మందమ్మా," అంది.

నాకు అర్థం కాలేదు.

"గురువారం ఖాళీ తొట్టిలో సాక్ష్యం రిహార్సలు చేశాం కదా. నాకూ కొరికింది. గట్టిగానే."

పదో తరగతి చదివిన పిల్లవి, ఎందుకు చెప్పలేదే అన్నాను. ఎర్తు లేదని తెలియలేదా అన్నాను.

"తెలుసు. మొన్న పరీక్షలో వచ్చింది, రాశాను కూడా."

"మరి?"

అది జుట్టు ముందుకి లాక్కుని, నీళ్ళు పిండుకుంటూ, కిందికి చూస్తూ చెప్పింది.

"చెప్తే నాన్న ఆ వైరు మళ్ళీ కలుపుతారు. మళ్ళీ మోత వస్తుంది. మళ్ళీ నువ్వు అరుస్తావు, నాన్న కంచం విసిరేస్తారు. నీళ్ళలో ఉండేది రెండు నిమిషాలే కదమ్మా, ఓర్చుకుందామనుకున్నాను."